సొంత కారు పాలసీ అద్దె కారుకు పనికొస్తుందా?

ప్రశ్న
బరంపురం, విశ్రాంత ఉపాధ్యాయుడు

సభ్యులందరికీ నమస్కారం. మాది బరంపురం. నాకు ఐదు సీట్ల సొంత కారు ఉంది. ఓడీ 07 నంబరుతో ఉన్న ఆ బండికి, దాని నష్టానికీ ఇతరుల నష్టానికీ వర్తించే సమగ్ర పాలసీని, దాని మీద విడిభాగాల తరుగుదల కోయకుండా చెల్లించే జీరో డెప్రిసియేషన్‌ను ఏటా గడువు దాటకుండా కట్టుకుంటూ వస్తున్నాను. ఒక్క క్లెయిమ్ కూడా చేయకపోవడం వల్ల ప్రీమియంలో తగ్గింపుగా వచ్చే నో క్లెయిమ్ బోనస్ 50 శాతానికి చేరింది.

మాఘమాసంలో జయపురంలో మా తమ్ముడి కూతురి పెళ్లి ఉంది. పెద్దవాళ్లతో కలిపి ఏడుగురం వెళ్లాలి కాబట్టి మా కారు చాలదు. రెండు మార్గాలు కనిపిస్తున్నాయి. మొదటిది, ఊళ్లోనే తెలిసిన ఒకాయన తన ఏడు సీట్ల బండిని రోజు అద్దెకు ఇస్తానంటున్నారు. అది తెల్ల ప్లేటు బండి, అంటే ఆయన సొంత వాడకానికి రిజిస్టరు చేయించుకున్నది. రెండోది, విశాఖపట్నం వరకు రైలులో వెళ్లి, అక్కడ సెల్ఫ్ డ్రైవ్ సంస్థ నుంచి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండిని తీసుకుని, సాలూరు, సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్, అక్కడినుంచి జయపురం చేరుకోవడం. ఎలా వెళ్లినా నడిపేది నేనే.

డల్లాస్‌లో ఉంటున్న మా అమ్మాయితో ఈ మాట అంటే, అక్కడ కారు అద్దెకు తీసుకున్నప్పుడు సొంత కారు పాలసీయే దానికీ వర్తిస్తుందని, అద్దె కౌంటరులో అమ్మజూపే బీమాలను తాము చాలాసార్లు వద్దంటామని చెప్పింది. మన దగ్గర కూడా అంతేనా? నేను ఇన్నేళ్లుగా కడుతున్న పాలసీ, నేను నడిపే అద్దె బండికి ఏమైనా జరిగితే ఆదుకుంటుందా? ఇద్దరు ఏజెంట్లను అడిగితే ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. పైగా ఈ ఏడాది చివరన మేమిద్దరం అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ నేను కారు నడపాల్సి వస్తే నా పరిస్థితి ఏమిటన్నది కూడా తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను. ఘాట్ రోడ్డు మీద ఏడుగురిని కూర్చోబెట్టుకుని వెళ్లే ప్రయాణం కనుక, ఊహ మీద ఆధారపడి బయలుదేరడం నాకు ఇష్టం లేదు.


సమాధానం 1
రాయగడ, మోటారు బీమా సర్వేయరు

మాస్టారు గారికి నమస్కారం. కాదని చెప్పిన ఏజెంటుదే సరైన మాట. మన దేశంలో మోటారు పాలసీ బండిని పట్టుకుని ఉంటుంది, నడిపే మనిషిని పట్టుకుని కాదు. మీ పాలసీ షెడ్యూలు తీసి చూడండి. రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు అందులో రాసి ఉంటాయి. ఆ మూడు నంబర్లున్న బండికి జరిగే నష్టానికి, ఆ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి మాత్రమే కంపెనీ బాధ్యత వహిస్తుంది. మీరు మరొకరి బండి స్టీరింగు పట్టుకున్న క్షణం నుంచి, ఆ బండి విషయంలో మీ పాలసీకి ఏ సంబంధమూ ఉండదు. మీ జీరో డెప్రిసియేషన్ కూడా మీ బండి విడిభాగాలకే పరిమితం.

అవునని చెప్పిన ఏజెంటు ఎందుకు పొరబడ్డారో నేను ఊహించగలను. నో క్లెయిమ్ బోనస్ మాత్రం మనిషికి చెందుతుంది. మీరు పాత కారు అమ్మి కొత్తది కొంటే ఆ 50 శాతం మీతోపాటు కొత్త బండికి వస్తుంది, అమ్మిన బండితో వెళ్లిపోదు. బోనస్ మనిషి వెంట వస్తోంది కాబట్టి పాలసీ కూడా వస్తుందని చాలామంది అనుకుంటారు. అలాగే 2022లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతించిన ఫ్లోటర్ పాలసీ గురించి విని, ఎన్ని బండ్లు నడిపినా ఒకే పాలసీ చాలునని భావించేవారూ ఉన్నారు. అది ఒకే యజమాని పేరున ఉన్న పలు బండ్లను ఒక్క పాలసీ కిందికి తెచ్చే ఏర్పాటు మాత్రమే. అద్దె బండి మీ పేరున లేదు కదా. ఇంకొకటి, మన బండి మరమ్మతు షెడ్డులో ఉన్న రోజులకు భత్యం ఇచ్చే డైలీ అలవెన్స్ అనే యాడ్ ఆన్ (అదనపు రక్షణ) ఉంది. అది ప్రత్యామ్నాయ వాహనానికి అయ్యే ఖర్చులో కొంత ఇస్తుందే తప్ప, ఆ వాహనానికి తగిలే దెబ్బలకు రూపాయి కూడా ఇవ్వదు.

కనుక మీరు చూసుకోవలసింది మీ పాలసీని కాదు, మీరు ఎక్కబోయే బండి పాలసీని. ఇక్కడే మీరు చెప్పిన రెండు మార్గాల మధ్య పెద్ద తేడా వస్తుంది.

సొంత వాడకపు కార్ల పాలసీలో వాడకానికి హద్దులు చెప్పే నిబంధన ఒకటి ఉంటుంది. కిరాయికి గానీ ప్రతిఫలానికి గానీ వాడటం, పందేలు, వేగ పరీక్షలు, వ్యాపార సరుకు రవాణా తప్ప మిగతా వాడకానికి కవరేజీ ఉంటుందని దాని సారాంశం. కంపెనీ ఏదైనా ఈ నిబంధన దాదాపు ఒకే మాటల్లో కనిపిస్తుంది, ఎందుకంటే అది 2002 నాటి మోటారు టారిఫ్ నుంచి వచ్చింది. మీ ఊరాయన బండిని రోజు అద్దెకు ఇచ్చారంటే అది కిరాయి వాడకం. ఆయన మీకు ఎంత ఆప్తులైనా, మీరు ఎంత జాగ్రత్తగా నడిపినా, నిబంధన దృష్టిలో తేడా ఉండదు.

నా వృత్తిలో చూసిన ఒక కేసు చెబుతాను. సుంకి ఘాట్ దిగువ మలుపులో తెల్ల ప్లేటున్న ఏడు సీట్ల బండి ఒకటి రాతి గోడను గుద్దుకుంది. నేను వెళ్లేసరికి ముందు బంపరు నిలువునా చీలిపోయి ఉంది, రేడియేటరు రెక్కలు లోపలికి నొక్కుకుపోయి ఉన్నాయి, ఆకుపచ్చ కూలెంటు రోడ్డు వాలు వెంబడి కారి ఆరిపోయింది. ఫొటోలు తీస్తూ కాగితాల కోసం డాష్‌బోర్డు అర తెరిస్తే, ఆర్‌సీ నకలుతో పాటు రోజుకు ఇంత, 300 కిలోమీటర్లు దాటితే కిలోమీటరుకు ఇంత అని రాసి, ఇద్దరి సంతకాలూ పెట్టిన చీటీ దొరికింది. నడిపినాయన కూడా అబద్ధం చెప్పలేదు. అద్దెకు తీసుకున్నామనే చెప్పారు. చూసింది చూసినట్టు నివేదికలో రాయడం సర్వేయరు విధి. కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. యజమాని ఆ చీటీలోని సంతకం చూపించి మరమ్మతు ఖర్చు మొత్తం నడిపినాయన దగ్గర రాబట్టారు. ఆయనకు సొంత ఊళ్లో సొంత కారుంది, దానికి మంచి పాలసీ కూడా ఉంది. అది ఏ విధంగానూ అక్కరకు రాలేదు. మంచి కుటుంబం, పిల్లల చదువుకు దాచుకున్న డబ్బు తీసి కట్టారని తర్వాత తెలిసి నాకు చాలా బాధ కలిగింది. మీ ప్రశ్న చూడగానే ఇంత వివరంగా రాయడానికి కారణం అదే.

నల్ల ప్లేటు బండి సంగతి వేరు. అద్దెకు తీసుకున్నవారే నడుపుకునే బండ్లకు చట్టం ప్రత్యేకించిన ప్లేటు అది. 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ పథకం ప్రకారం లైసెన్సు పొందాలంటే ఆ సంస్థకు కనీసం 50 క్యాబ్‌లు ఉండాలి, వాటికి అఖిల భారత టూరిస్టు పర్మిట్లు ఉండాలి. అందుకే మన సరిహద్దు జిల్లాల చిన్న పట్టణాల్లో నల్ల ప్లేటు బండి అరుదుగా కనిపిస్తుంది, ఆ లోటును తెల్ల ప్లేటు బండ్లు చాటుగా తీరుస్తుంటాయి. లైసెన్సున్న సంస్థ తన బండ్లకు వాణిజ్య పాలసీ తీసుకుంటుంది. అందులో అద్దెదారు నడిపేందుకు వీలు కల్పించే అదనపు నిబంధనలు, అంటే ఎండార్స్‌మెంట్లు ఉన్నాయో లేదో చూడాలి. పాత టారిఫ్‌లో వీటి సంఖ్యలు ఐఎంటీ (ఇండియన్ మోటార్ టారిఫ్) 35, 36. రెండోది అద్దెదారుడికి కూడా రక్షణను విస్తరింపజేసేది. సంస్థవారిని పాలసీ పూర్తి ప్రతి అడిగి, షెడ్యూలులో ఆ సంఖ్యలు ఉన్నాయేమో చూడండి. ఫోనులో చెప్పే "అన్నీ కవర్ అవుతాయండీ" అన్న మాటకు క్లెయిమ్ సమయంలో విలువ ఉండదు.

అయితే నల్ల ప్లేటు బండి తీసుకున్నా నష్టమంతా బీమా కంపెనీయే భరిస్తుందని అనుకోకూడదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి, ఎయిర్ బ్యాగులకు జీరో డెప్రిసియేషన్ లేకపోతే సగం తరుగుదల తీసేస్తారు. ఇరవై వేల బంపరుకు పదివేలే వస్తుంది. మిగతా పదివేలు ఎవరివన్నది మీరు సంతకం చేసే ఒప్పందం తేలుస్తుంది, సాధారణంగా అవి అద్దెదారు మీదే పడతాయి. టైరు ఒక్కటే పగిలితే, బండికి ఇంకేమీ కాకపోతే, పాలసీలో దానికి ఏమీ రాదు. బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ తమకు పోయిన అద్దెను సంస్థ మిమ్మల్ని కట్టమనవచ్చు. ఆ ఆదాయ నష్టాన్ని ఏ మోటారు పాలసీ భరించదు. అడుగు భాగానికి రాయి తగిలి ఆయిల్ చాంబరు పగలడం, నీళ్లలో నడిపి ఇంజన్ పట్టేయడం, తాళం పోవడం, ఒప్పందంలో పేరు లేని మనిషి నడపడం వంటివాటిని చాలా ఒప్పందాలు పూర్తిగా అద్దెదారు ఖాతాలోనే వేస్తాయి. కొన్ని సంస్థలు అదనంగా కొంత రుసుము తీసుకుని, ప్రమాదం జరిగితే మీరు ఇంతకు మించి కట్టనక్కర్లేదని పరిమితి పెడతాయి. మీ ప్రయాణం ఘాట్ మీదుగా కనుక ఆ పరిమితి తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. తీసుకునే ముందు ఆ పరిమితి వర్తించని సందర్భాలేమిటో చదవండి.


సమాధానం 2
జయపురం, న్యాయవాది

సర్వేయరు గారు బండికి జరిగే నష్టం గురించి చక్కగా వివరించారు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసులు చూసే వ్యక్తిగా నాకు అంతకన్నా ఆందోళన కలిగించేవి రెండున్నాయి. ఒకటి, దారిన పోయేవారికి మీ వల్ల హాని జరిగితే ఏమిటన్నది. రెండోది, మీకే ఏదైనా జరిగితే మీ కుటుంబానికి ఏమి వస్తుందన్నది. బంపరు డబ్బు ఎలాగో సర్దుకోవచ్చు. ఈ రెండూ అలా సర్దుకునేవి కావు.

మోటారు వాహనాల చట్టం 1988లోని 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా (ఇతరులకు జరిగే హానికి వర్తించేది) లేని బండిని రోడ్డు మీదికి తేకూడదు. మరణానికి, గాయాలకు ఈ బీమాలో పరిమితి లేదు. ఇతరుల ఆస్తికి జరిగే నష్టానికి మాత్రం కార్ల విషయంలో సాధారణంగా ఏడున్నర లక్షల పరిమితి ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు బాధితులు యజమానిని, నడిపినవారిని, బీమా కంపెనీని ముగ్గురినీ ప్రతివాదులుగా చేరుస్తారు. బాధితులు తాము ఉండే చోట గానీ, ప్రమాదం జరిగిన చోట గానీ కేసు వేయవచ్చు కనుక, విశాఖ బండి అయినా కేసు కోరాపుట్ జిల్లాలో నడవవచ్చు.

తెల్ల ప్లేటు బండిని కిరాయికి తిప్పితే, పర్మిట్ లేకుండా కిరాయికి వాడారన్న వాదన కంపెనీకి చట్టమే ఇచ్చింది. 2019 సవరణ తర్వాత అది 150వ సెక్షన్‌లో ఉంది. పర్మిట్ లేకపోవడం ప్రాథమిక ఉల్లంఘన అని అమృత్ పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చి, బాధితులకు కంపెనీ ముందు చెల్లించి, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలన్న ఆదేశాన్ని సమర్థించింది. అంటే బాధితుడి కుటుంబానికి డబ్బు అందినా, ఆ భారం చివరికి బీమా కంపెనీ మీద నిలవదు. యజమాని తన వంతుగా, నడిపింది మీరు కాబట్టి మీ మీదికి వస్తారు. పైగా పర్మిట్ లేకుండా రవాణా వాహనంగా వాడినందుకు 192ఎ సెక్షన్ కింద పదివేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉన్నాయి.

బండికి జరిగిన నష్టం విషయంలో ఒక్క ఊరట ఉంది. అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు 2010లో, సొంత వాడకపు బండిని కిరాయికి ఇచ్చారన్న కారణంతో క్లెయిమును మొత్తంగా తోసిపుచ్చకుండా, నాన్ స్టాండర్డ్ పద్ధతిలో కొంత భాగం చెల్లించాలని చెప్పింది. అయితే ఆ పోరాటం చేయవలసింది పాలసీదారు. మీరు పాలసీదారు కానందువల్ల బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే, భువనేశ్వర్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి కూడా మీరు నేరుగా వెళ్లలేరు. అద్దె సంస్థ సేవలో లోపం ఉంటే మాత్రం మీరు వినియోగదారు కనుక, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే గంజాం జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. విశాఖ తిరగనక్కర్లేదు.

ఇక మీ గురించి. మీ పాలసీతో పాటు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవరేజీ కట్టి ఉంటారు. అది యజమాని తన సొంత బండి నడుపుతున్నప్పటికి సంబంధించినది. మీరు అద్దె బండి నడుపుతుండగా అది పని చేస్తుందని అనుకోకండి. అద్దె బండి పాలసీలోని యజమాని కవరేజీ మీకు రాదు, మీరు దాని యజమాని కారు. సంస్థ పేరున ఉన్న బండికైతే ఆ కవరేజీయే ఉండదు. మరి థర్డ్ పార్టీగా కోరవచ్చు కదా అంటే, నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు 2009లో ఏం చెప్పిందో చూడండి. ఇతరుల మోటారు సైకిలు తీసుకుని నడుపుతూ, ఎదుట వెళ్తున్న ఎడ్లబండిని గుద్దుకుని చనిపోయిన వ్యక్తి కుటుంబం పరిహారం కోరింది. యజమాని దగ్గర బండి తీసుకుని నడిపేవాడు యజమాని స్థానంలోకి వస్తాడని, కాబట్టి తన పొరపాటుతో జరిగిన ప్రమాదానికి తాను థర్డ్ పార్టీ కాలేడని కోర్టు చెప్పింది. 2020లో రాంఖిలాడీ కేసులోనూ అదే నిలబెట్టింది. ఎదుటి బండి తప్పు ఉంటే ఆ బండి కంపెనీ నుంచి పరిహారం వస్తుంది. మీరే మలుపులో పట్టు తప్పితే మీ ఇంటివారికి మోటారు పాలసీల నుంచి దాదాపుగా ఏమీ రాదు.

అందుకే నా సలహా ఒకటే. మీ పేరున, ఏ బండికీ ముడిపడని వ్యక్తిగత ప్రమాద బీమా విడిగా తీసుకోండి. మన దేశంలో మనిషి వెంట నడిచే బీమా అదే. సొంత కారైనా, అద్దె కారైనా, ఆటో అయినా, మెట్లు జారి పడినా అది వర్తిస్తుంది. మోటారు పాలసీతో పోలిస్తే దాని ప్రీమియం భారం కాదు. ఇల్లు నడిపే ప్రతి ఒక్కరూ దీన్ని తీసుకోవాలని గట్టిగా కోరుకుంటాను.

మీతో కూర్చునే ఆరుగురి సంగతి కూడా గమనించండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న ప్రైవేటు కారులో ఉచితంగా ప్రయాణించేవారికి కవరేజీ లేదని, సమగ్ర పాలసీ ఉంటే వస్తుందని సుప్రీంకోర్టు బాలకృష్ణన్ కేసులో 2012లో తేల్చింది. మన ప్రాంతంలో కొన్నేళ్లు గడిచిన బండ్లకు చాలామంది థర్డ్ పార్టీ మాత్రమే కడుతుంటారు. తెల్ల ప్లేటు బండి ఎక్కేవారు ఈ సంగతి అడగరు.

లైసెన్సు గురించి భయం అక్కర్లేదు. నల్ల ప్లేటు బండి రవాణా వాహనం కదా, నా లైసెన్సు సరిపోతుందా అని కొందరు అడుగుతుంటారు. 7,500 కిలోల లోపు బండ్లకు మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలునని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. గడువు తీరకుండా ఉంటే చాలు.


సమాధానం 3
డల్లాస్, స్వస్థలం గుణుపురం

మాస్టారు గారూ, మీ అమ్మాయి చెప్పింది అమెరికాకు సంబంధించినంతవరకు చాలావరకు నిజం. ఇక్కడి వ్యక్తిగత ఆటో పాలసీ మనిషినీ బండినీ రెండింటినీ పట్టుకుని ఉంటుంది. నేను సరదా ప్రయాణానికి కారు అద్దెకు తీసుకుంటే, ఇతరులకు జరిగే నష్టానికి నా పాలసీలో ఎంత పరిమితి ఉందో అంతే ఆ కారుకీ వర్తిస్తుంది. నా కారుకు కొలిజన్ (గుద్దుకుంటే వచ్చేది), కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్లు వంటివాటికి వచ్చేది) కట్టి ఉంటే అద్దె కారు దెబ్బలకు కూడా అవి వస్తాయి. నా కారుకు 1,000 డాలర్ల డిడక్టిబుల్ ఉంటే అక్కడా నేను ముందు ఆ వెయ్యి భరించాలి. పాత కారని కొలిజన్ తీసేసినవారికి అద్దె కారు దెబ్బలకు ఏమీ ఉండదు. ఇక్కడి మనవాళ్లు తరచుగా మరిచిపోయేది ఇదే.

"చాలావరకు" అన్నది అందుకే. అద్దె కారు షెడ్డులో ఉన్న రోజులకు సంస్థ అడిగే ఆదాయ నష్టం, కాగితాల రుసుము, ప్రమాదం తర్వాత బండి విలువ తగ్గిందని అడిగే మొత్తం, ఇవన్నీ ప్రతి పాలసీలోనూ ఉండవు. టెక్సాస్‌లో చట్టం అడిగే కనీస లయబిలిటీ (ఇతరులకు జరిగే నష్టానికి బీమా) ఒక మనిషి గాయానికి 30,000 డాలర్లు, ఒక ప్రమాదానికి 60,000, ఆస్తికి 25,000. ఆసుపత్రి ఖర్చులు ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో ఆ కనీసం ఎంతమాత్రం చాలదు. గ్రేవ్స్ సవరణ అనే 2005 నాటి ఇక్కడి కేంద్ర చట్టం వల్ల, యజమాని అన్న ఒక్క కారణంతో అద్దె సంస్థను బాధ్యుణ్ని చేయలేరు. మిగిలిన భారం నడిపినవారి మీదే పడుతుంది. కౌంటరులో ఇచ్చే డ్యామేజ్ వేవర్ నిజానికి బీమా కాదు, కారు దెబ్బలకు మిమ్మల్ని డబ్బు అడగబోమని సంస్థ ఇచ్చే మాట. తాగి నడిపినా, ఒప్పందంలో లేనివారు నడిపినా ఆ మాట చెల్లదు. క్రెడిట్ కార్డులు ఇచ్చే రక్షణ ఎక్కువగా సొంత పాలసీ చెల్లించాక మిగిలినదానికే వస్తుంది. అద్దె మొత్తం ఆ కార్డు మీదే కట్టాలి, కౌంటరు వేవర్ వద్దనాలి, పైగా అది ఎదుటివారికి జరిగిన నష్టానికి పనికిరాదు.

ఇప్పుడు మీ విషయం. మీకు ఇక్కడ పాలసీ లేదు. మీ బరంపురం పాలసీ భౌగోళిక పరిధి భారతదేశమే. అదనంగా కట్టి విస్తరించుకున్నా నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ వంటి ఇరుగు పొరుగు దేశాల వరకే. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ నడపడానికి అనుమతి మాత్రమే, అందులో బీమా ఏమీ లేదు. కాబట్టి మీరు మీ పేరున కారు అద్దెకు తీసుకుంటే డ్యామేజ్ వేవర్, అదనపు లయబిలిటీ రెండూ కౌంటరులో కొనుక్కోండి. అక్కడ డబ్బు ఆదా చేయాలని చూడవద్దని బతిమాలి చెబుతున్నాను. అమ్మాయి కారు ఆమె అనుమతితో అప్పుడప్పుడు నడిపితే సాధారణంగా ఆమె పాలసీ వర్తిస్తుంది. కానీ మీరు నెలల తరబడి ఆ ఇంట్లోనే ఉంటారు కనుక, మీ పేరు చేర్చాలా అని ఆమె తన కంపెనీని ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

ఇదే లెక్క తిరగేస్తే నాకూ వర్తిస్తుంది. నా టెక్సాస్ పాలసీ అమెరికా, దాని ఆధీన ప్రాంతాలు, కెనడా దాటి రాదు. సెలవులకు వచ్చి విశాఖలో కారు తీసుకుని గుణుపురం వచ్చినప్పుడు నేనూ మీలాగే ఆ బండి పాలసీ మీద, ఆ ఒప్పందం మీద ఆధారపడినవాణ్నే.


ప్రశ్నించినవారి స్పందన
బరంపురం, విశ్రాంత ఉపాధ్యాయుడు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. తెల్ల ప్లేటు బండి అద్దెకు తీసుకునే ఆలోచన పూర్తిగా మానుకున్నాను. వ్యక్తిగత ప్రమాద బీమా మా దంపతులిద్దరి పేరునా తీసుకుంటాను. ఒక్క సందేహం మిగిలింది. పర్లాకిమిడిలో ఉన్న మా బావమరిది తన ఏడు సీట్ల బండిని ఊరికే ఇస్తానంటున్నాడు. డీజిల్ మేమే పోయించుకుంటాం. అది కూడా కిరాయి కిందికి వస్తుందా?


సమాధానం 4
రాయగడ, మోటారు బీమా సర్వేయరు

అద్దె తీసుకోకుండా బంధువుకు బండి ఇవ్వడం కిరాయి కాదు, మాస్టారు గారూ. మీ ప్రయాణానికి మీరు డీజిల్ పోయించుకోవడమూ అద్దె కాదు. రోజుకు ఇంత, కిలోమీటరుకు ఇంత అన్న లెక్క మాత్రం మీ మధ్య ఉండకూడదు. యజమాని అనుమతితో, చెల్లుబాటయ్యే లైసెన్సుతో నడిపేవారికి యజమాని సమగ్ర పాలసీలో ఇతరులకు జరిగే హానికి ఇచ్చే రక్షణ వర్తిస్తుంది. బండికి దెబ్బ తగిలితే ఆయన పాలసీ మీద క్లెయిమ్ వస్తుంది, దానితో ఆయన నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఆ నష్టాన్ని మీరు భరిస్తానని ముందే చెప్పడం బంధుత్వానికి మంచిది. న్యాయవాది గారు చెప్పినట్టు నడిపేవారి ప్రాణానికి రక్షణ ఇక్కడ కూడా ఉండదు కనుక, వ్యక్తిగత ప్రమాద బీమా బయలుదేరే లోపే అమల్లోకి వచ్చేలా చూసుకోండి.

ఆయన బండి నంబరును ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి బీమా గడువు ఎప్పటివరకు ఉందో చూడండి. అందులో గడువు తేదీ కనిపిస్తుందే గాని పాలసీ సమగ్రమా, థర్డ్ పార్టీ మాత్రమేనా అన్నది తేలదు కాబట్టి షెడ్యూలు ప్రతి అడిగి తీసుకోండి. అందులో ఓన్ డ్యామేజ్ (బండి సొంత నష్టం) ప్రీమియం గడిలో అంకె ఉంటేనే అది సమగ్ర పాలసీ. ఆర్‌సీలో సీట్ల సంఖ్య డ్రైవరుతో కలిపి ఏడో కాదో చూడండి. అంతకు మించి ఒక్కరిని ఎక్కించినా క్లెయిమ్‌లో చిక్కు వస్తుంది. బావమరిది సమ్మతిని ఒక వాట్సాప్ సందేశంగా పంపమనండి, అద్దె ఏమీ లేదన్న మాట అందులో ఉండాలి. దారిలో ఏదైనా జరిగితే బండిని కదిలించక ముందే ఫొటోలు తీసి, అదే రోజు ఆయన చేత కంపెనీకి ఫోను చేయించండి. ఎవరికైనా గాయమైతే ముందు ఆసుపత్రికి చేర్చి, ఆ పరిధి పోలీసు స్టేషనులో తెలియజేయండి. సాలూరు వైపు జరిగితే అది ఆంధ్ర పోలీసుల పరిధి, సుంకి వైపు ఒడిశాది. ఎక్కడ జరిగిందో సరిగ్గా చెప్పగలిగేలా కిలోమీటరు రాయిని కూడా ఒక ఫొటో తీసుకోండి.